తెరమీద ఒక పేరు, డిస్క్‌లో ఇంకో పేరు

కంప్యూటర్ భాషను ఇంగ్లిష్ నుంచి తెలుగుకు మార్చి, లాగవుట్ అయి మళ్లీ లోపలికి వస్తే మెనూలు, బటన్లు, హెచ్చరికలు అన్నీ తెలుగులో కనిపిస్తాయి. అంతవరకు పేచీ లేదు. "సేవ్" అన్న బటన్‌ను "భద్రపరచు" అని మార్చినంత మాత్రాన లోపల ఏదీ కదలదు. అది తెరమీద రాత, అంతే. ఫోల్డర్ పేరు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. "డౌన్‌లోడ్స్" అన్నది మనిషి చదువుకునే పేరూ, బ్రౌజర్ తను తెచ్చిన ఫైల్‌ను ఎక్కడ పెట్టాలో తెలుసుకునే చిరునామా కూడా. రాత్రిపూట నడిచే బ్యాకప్ ప్రోగ్రామ్ ఆ చిరునామా పట్టుకునే వస్తుంది. రెండేళ్ల కిందట చేసుకున్న షార్ట్‌కట్, ఎవరో రాసిచ్చిన చిన్న స్క్రిప్ట్, వీడియో ఎడిటర్ గుర్తుపెట్టుకున్న ప్రాజెక్ట్ ఫైల్ అన్నీ ఆ తొమ్మిది ఇంగ్లిష్ అక్షరాలనే నమ్ముకుని ఉంటాయి.

కాబట్టి ఫోల్డర్ పేరును అనువదించాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు రెండే దారులు. డిస్క్ మీద ఉన్న అసలు పేరునే మార్చేయడం ఒకటి. అసలు పేరును ఇంగ్లిష్‌లోనే ఉంచి, తెరమీద మాత్రం అనువాదం చూపించడం రెండోది. విండోస్, మ్యాక్, లినక్స్ ఈ రెండిటి మధ్య తలో చోట నిలబడ్డాయి. విండోస్ అయితే మొదటి దారిలో చాలా దూరం వెళ్లి, తప్పు తెలుసుకుని వెనక్కి తిరిగింది. ఆ తిరిగిన చోట పడిన అతుకులు ఇవాళ్టికీ ప్రతి విండోస్ కంప్యూటర్లోనూ కనిపిస్తాయి.

జర్మన్ విండోస్‌లో రెండు ప్రోగ్రామ్ ఫోల్డర్లు

విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఒక్కో భాషకు ఒక్కో విండోస్ ఉండేది. జర్మన్ ఎక్స్‌పీలో సి డ్రైవ్ తెరిస్తే "ప్రోగ్రామ్ ఫైల్స్" ఉండదు, దాని బదులు "ప్రోగ్రామె" ఉంటుంది. "డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్" స్థానంలో 27 అక్షరాల "డోకుమెంటె ఉంట్ ఐన్‌ష్టెలుంగెన్". "మై డాక్యుమెంట్స్"కు బదులు "ఐగెనె డటైయెన్". ఇవి తెరమీద చూపించే పేర్లు కావు, డిస్క్‌లో నిజంగా ఉన్న పేర్లు. స్పానిష్ విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ పేరు "ఆర్చివోస్ దె ప్రోగ్రామా". పోనీ అన్నీ ఒక పద్ధతిలో మార్చారా అంటే అదీ లేదు. అదే స్పానిష్ విండోస్‌లో "డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్" మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉండిపోయింది.

దీని ఫలితం ఊహించడం కష్టం కాదు. ఇంగ్లిష్ విండోస్ తప్ప ఇంకోటి చూడని డెవలపర్ తన ఇన్‌స్టాలర్‌లో "సి డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్" అని నేరుగా రాసేస్తాడు. జర్మన్ కంప్యూటర్లో అది నడిచినప్పుడు ఎర్రర్ కూడా రాదు, అదే అసలు చిక్కు. ఆ పేరుతో ఫోల్డర్ లేదు కాబట్టి కొత్తది సృష్టించి అందులోకి దిగిపోతుంది. కొన్నాళ్లకు "ప్రోగ్రామె" పక్కనే "ప్రోగ్రామ్ ఫైల్స్" కూడా చేరి, సగం సాఫ్ట్‌వేర్ ఇక్కడ, సగం అక్కడ అన్నట్టు తయారవుతుంది.

నిజానికి డెవలపర్లకు సరైన దారి అప్పటికే ఉంది. పాత్‌ను, అంటే ఫోల్డర్ పూర్తి చిరునామాను, చేత్తో రాయకుండా "ప్రోగ్రామ్ ఫోల్డర్ ఎక్కడుంది?" అని విండోస్‌నే అడిగితే, ఆ కంప్యూటర్లో దాని అసలు పేరు ఏదో అది చెబుతుంది. చాలామంది అడగలేదు. కొందరు అడగాల్సిన చోట కాకుండా, విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో "షెల్ ఫోల్డర్స్" అనే కీని తెరిచి అందులో ఉన్నదాన్ని చదువుకున్నారు. చివరికి ఆ కీ లోపల "ఈ రిజిస్ట్రీ కీని వాడకండి" అనే పేరుతోనే ఒక ఎంట్రీ పెట్టి, దాని విలువలో ఏ ఫంక్షన్ వాడాలో రాయాల్సి వచ్చింది. గోడ మీద "ఇచ్చట నోటీసులు అంటించరాదు" అని నోటీసు అంటించినట్టే. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

2007 జనవరిలో జనం చేతికి వచ్చిన విండోస్ విస్టాతో ఈ పద్ధతి మారింది. ఏ భాష విండోస్ అయినా డిస్క్ మీద పేర్లు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి: "యూజర్స్", "ప్రోగ్రామ్ ఫైల్స్", "డాక్యుమెంట్స్". జర్మన్ వాడుకరికి తెరమీద "బెనుట్సర్" అని కనిపిస్తుంది కానీ, అడ్రస్ బార్‌లో క్లిక్ చేస్తే "యూజర్స్" బయటపడుతుంది. ఒకే కంప్యూటర్లో ఒకరు జర్మన్, ఇంకొకరు ఫ్రెంచ్ పెట్టుకున్నా ఫోల్డర్ ఒక్కటే, కనిపించే పేరు మాత్రం ఎవరి భాషలో వాళ్లకు.

మరి పాత పేర్లను నమ్ముకున్న పాత ప్రోగ్రామ్‌ల సంగతి? వాటి కోసం విస్టా డ్రైవ్‌లో జంక్షన్లు పెట్టింది. జంక్షన్ అంటే ఒక ఫోల్డర్‌లా కనిపిస్తూ ఇంకో ఫోల్డర్‌కు దారి చూపించే బోర్డు లాంటిది. "డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్" ఇప్పుడు ఫోల్డర్ కాదు, "యూజర్స్" వైపు చూపించే జంక్షన్. జర్మన్ విండోస్‌లో "ప్రోగ్రామె"కూ అంతే. ఇవి దాచిపెట్టి ఉంటాయి. దాచిన ఫైళ్లన్నీ చూపించమని సెట్టింగ్ మార్చుకున్నవాళ్లు వాటిని చూసి డబుల్ క్లిక్ చేస్తే "అనుమతి లేదు" అని వస్తుంది. అడ్మినిస్ట్రేటర్‌కైనా అదే సమాధానం. వైరస్ వచ్చిందేమోనని టెన్షన్ పడేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. అది కావాలనే పెట్టిన అడ్డు: జంక్షన్ లోపల ఏముందో జాబితా అడిగితే ఎవరికీ ఇవ్వకూడదు, పూర్తి పాత్ చెప్పి ఫలానా ఫైల్ కావాలని అడిగితే మాత్రం దారి వదలాలి. పాత ప్రోగ్రామ్‌కు కావలసింది రెండోదే.

జాబితా ఎందుకు ఇవ్వకూడదో చెప్పే ఉదాహరణ ఒకటుంది. ప్రతి యూజర్ ఫోల్డర్‌లో "యాప్ డేటా", దాని లోపల "లోకల్", దాని లోపల "అప్లికేషన్ డేటా" అనే జంక్షన్ ఉంటాయి. ఆ జంక్షన్ చూపించేది మళ్లీ "లోకల్"నే, అంటే తనను పెట్టిన ఫోల్డర్‌నే. జంక్షన్ల సంగతి పట్టించుకోని బ్యాకప్ ప్రోగ్రామ్ ఆ అడ్డును దాటుకుని లోపలికి వెళ్లిందంటే "అప్లికేషన్ డేటా లోపల అప్లికేషన్ డేటా లోపల అప్లికేషన్ డేటా" అంటూ, పాత్ పొడవు 260 అక్షరాల హద్దును తాకేదాకా తిరుగుతూనే ఉంటుంది. పేర్లు మార్చడం ఒక్కరోజు పని, పాత పేర్ల బాకీ తీర్చడం దశాబ్దాల పని అని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తెరమీద పేరు ఎక్కడి నుంచి వస్తుంది

ఫోల్డర్ లోపల దాగి ఉండే "డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ" అనే చిన్న టెక్స్ట్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మూడు నాలుగు లైన్లు కనిపిస్తాయి. "లోకలైజ్డ్ రిసోర్స్ నేమ్" అని ఒక లైన్, దాని పక్కన ఫలానా డీఎల్ఎల్ ఫైల్‌లో ఫలానా నంబర్ గల పదం అని ఒక సూచన. పేరు అక్కడ రాసి ఉండదు, పేరు దొరికే చోటు మాత్రమే ఉంటుంది. వాడుకరి భాష ఏదైతే ఆ భాషా ప్యాక్‌లోంచి ఆ నంబర్‌కు ఉన్న పదాన్ని ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెచ్చి చూపిస్తుంది. ఫోల్డర్‌కు రీడ్ ఓన్లీ లేదా సిస్టమ్ అనే గుర్తు ఉంటేనే ఎక్స్‌ప్లోరర్ ఈ ఫైల్ వైపు చూస్తుంది. ప్రతి ఫోల్డర్‌లోనూ వెతుక్కుంటూ కూర్చోకుండా చేసిన ఏర్పాటు అది.

ఏర్పాటు బాగానే ఉంది గానీ, ఆ ఫైల్ ఫోల్డర్‌తో పాటే ప్రయాణం చేస్తుంది. ఆఫీసుల్లో వాడుకరుల డాక్యుమెంట్స్ ఫోల్డర్లను సర్వర్‌కు మళ్లించినప్పుడు దీని దెబ్బ తెలుస్తుంది. సర్వర్‌లో ఒక్కొక్కరి ఫోల్డర్‌కు వాళ్ల లాగిన్ పేరు పెట్టి ఉంటుంది. డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ కూడా వాటిలోకి వెళ్లి కూర్చుంటుంది కాబట్టి అడ్మిన్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే "డాక్యుమెంట్స్, డాక్యుమెంట్స్, డాక్యుమెంట్స్" అని వరసగా కనిపిస్తాయి. ఏది ఎవరిదో తెలియదు. కమాండ్ ప్రాంప్ట్‌లో చూస్తే మాత్రం పేర్లన్నీ సలక్షణంగా ఉంటాయి. అడ్మిన్లు కనుక్కున్న చిట్కా విచిత్రంగా ఉంటుంది: ఆ ఐఎన్ఐ ఫైల్‌ను చదివే అనుమతిని తమకు తామే తీసేసుకోవడం. చదవలేకపోతే ఎక్స్‌ప్లోరర్ గత్యంతరం లేక అసలు పేరు చూపిస్తుంది.

మ్యాక్‌లో ఇదే పని ఇంకా పొదుపుగా జరుగుతుంది. పాత మ్యాక్ కూడా మొదట్లో డిస్క్ మీదే పేర్లు మార్చేది. జర్మన్ మ్యాక్‌లో సిస్టమ్ ఫోల్డర్ పేరు "సిస్టేమ్‌ఓర్డ్‌నర్". అయితే 1991లో వచ్చిన సిస్టమ్ 7లోనే "ఫైండ్ ఫోల్డర్" అనే ఫంక్షన్ ఉంది. ప్రిఫరెన్సెస్ ఫోల్డర్ కావాలంటే ప్రోగ్రామ్ పేరు చెప్పనక్కర్లేదు, నాలుగక్షరాల కోడ్ ఒకటి చెబితే చాలు. ఇప్పటి మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో డిస్క్ పేర్లన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో "డాట్ లోకలైజ్డ్" అనే పేరుతో ఒక ఖాళీ ఫైల్ ఉంటుంది. లోపల ఒక్క అక్షరం ఉండదు, ఉండటమే దాని పని. అది కనిపిస్తే మ్యాక్ ఫైల్ మేనేజర్ అయిన ఫైండర్, సిస్టమ్‌లోని అనువాదాల పట్టికలో ఆ పేరు కోసం వెతుకుతుంది. పట్టికలో "డాక్యుమెంట్స్"కు ఎదురుగా ఏది ఉంటే అది చూపిస్తుంది. వాడుకరి ఆ ఫోల్డర్‌కు తనకు నచ్చిన పేరు పెట్టుకుంటే ఆ పేరు పట్టికలో ఉండదు కాబట్టి అనువాదం దానంతట అదే తప్పుకుంటుంది, మనిషి రాసిన పేరే కనిపిస్తుంది. చిన్న విషయమే గానీ చాలా మర్యాద ఉన్న ఏర్పాటు. జర్మన్ ఫైండర్‌లో "ష్రైబ్‌టిష్" అని కనిపించే ఫోల్డర్‌ను పట్టుకుని, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ విండోలోకి లాగి వదిలితే, అక్కడ పడే పాత్‌లో "డెస్క్‌టాప్" అనే ఉంటుంది.

లినక్స్ అడిగే ప్రశ్న

లినక్స్ డెస్క్‌టాప్‌లు ఎంచుకున్నది మొదటి దారి, అంటే డిస్క్ మీదే తెలుగు పేరు. కానీ ఎక్స్‌పీ చేసిన తప్పు చేయలేదు. 2007లో వచ్చిన "ఎక్స్‌డీజీ యూజర్ డిర్స్" అనే చిన్న సాధనం మొదటిసారి లాగిన్ అయినప్పుడు వాడుకరి భాష చూసి, ఆ భాషలోనే ఫోల్డర్లు సృష్టిస్తుంది: డెస్క్‌టాప్, డౌన్‌లోడ్, టెంప్లేట్స్, పబ్లిక్, డాక్యుమెంట్స్, మ్యూజిక్, పిక్చర్స్, వీడియోస్ అని మొదట్నుంచీ ఉన్న ఎనిమిది. ఏది ఏ పేరుతో ఉందో హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉన్న ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసిపెడుతుంది. అందులో ఎడమవైపు "ఎక్స్‌డీజీ డౌన్‌లోడ్ డిర్" అనే మారని గుర్తు, కుడివైపు ఈ కంప్యూటర్లో దాని అసలు పాత్. ప్రోగ్రామ్‌లు ఎడమవైపుది పట్టుకుని కుడివైపుది తెలుసుకోవాలి.

దీని గొప్పతనం నిజాయితీ. ఫైల్ మేనేజర్లో ఏ పేరు కనిపిస్తే టెర్మినల్లోనూ అదే. తెర ఒకటి చెప్పి డిస్క్ ఇంకోటి చెప్పడం ఉండదు. కానీ భాష మార్చిన రోజున చిక్కు వస్తుంది. కొన్ని డెస్క్‌టాప్‌లలో లాగిన్ అవగానే ఒక డబ్బా ప్రత్యక్షమై, ఫోల్డర్ల పేర్లను కొత్త భాషలోకి మార్చమంటారా, పాతవే ఉంచమంటారా అని అడుగుతుంది. పాత పేర్లు ఒక వరస, కొత్త పేర్లు ఒక వరస. కింద ఒక వాక్యం: ఇప్పటికే ఉన్న ఫైళ్లు కదలవు. ఆ వాక్యాన్ని చదివేవాళ్లు తక్కువ. "మార్చు" నొక్కేస్తారు. ఖాళీగా ఉన్న పాత ఫోల్డర్లు పోతాయి, ఫైళ్లున్నవి అలాగే ఉంటాయి, పక్కనే తెలుగు పేర్లతో ఖాళీ ఫోల్డర్లు పుడతాయి. బ్రౌజర్ కొత్త "డౌన్‌లోడ్‌లు"లోకి ఫైళ్లు వేస్తుంటుంది, మూడేళ్లుగా పోగేసినవి పాత ఇంగ్లిష్ ఫోల్డర్లో ఉంటాయి. ఫైళ్లు పోయాయని కంగారు పడటానికి ఇది చాలు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. తెరమీది అనువాదంలో తప్పుంటే తర్వాతి అప్‌డేట్‌లో సరిచేస్తారు, అందరికీ సరైపోతుంది. డిస్క్ మీద పడిన పేరు అలా కాదు. అనువాదకుడు ఆ రోజు "పత్రములు" అని రాసి ఉంటే, ఆ వెర్షన్‌తో మొదటిసారి లాగిన్ అయినవాళ్ల కంప్యూటర్లో అది "పత్రములు"గానే ఉండిపోతుంది. ఏడాది తర్వాత ఇంకొకరు దాన్ని "పత్రాలు" అని దిద్దితే కొత్తగా వచ్చినవాళ్లకు "పత్రాలు". ఒకే భాష, ఒకే లినక్స్, రెండు పాత్‌లు. అనువాదకుడి చిత్తుప్రతి మరొకరి కంప్యూటర్లో శాశ్వత చిరునామా కావడం అంటే ఇదే. ఒకే వాడుకరికి రెండు కంప్యూటర్లు ఉండి వాటిని ఒకదానితో ఒకటి సింక్ చేసుకుంటే రెండు పేర్లూ రెండు చోట్లా ప్రత్యక్షమవుతాయి.

టెర్మినల్ వాడేవాళ్లకు వేరే ఇబ్బంది. ఫోల్డర్‌లోకి వెళ్లే కమాండ్ "సీడీ"ని ఇంగ్లిష్‌లో కొట్టి, స్పేస్ ఇచ్చి, కీబోర్డ్‌ను తెలుగుకు మార్చి, ఫోల్డర్ పేరు కొట్టి, స్లాష్ కోసం మళ్లీ ఇంగ్లిష్‌కు రావాలి. ట్యాబ్ నొక్కితే పేరు పూర్తవుతుంది కదా అంటే, మొదటి అక్షరమైనా తెలుగులో కొట్టాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ చెడి డెస్క్‌టాప్ రాని రోజున ఇంకా కష్టం. ఉత్త నల్లతెర కన్సోల్‌లో ఫాంట్‌కు గరిష్ఠంగా 512 ఆకారాలే ఉంటాయి, ఒత్తులు గుణింతాలు కలిపి చూపించే శక్తి దానికి లేదు. ఫోల్డర్లు డబ్బాల వరసలా కనిపిస్తాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు డెస్క్‌టాప్‌ను తమ భాషలో పెట్టుకుని, ఫోల్డర్లను మాత్రం ఒక్క కమాండ్‌తో ఇంగ్లిష్‌కు మార్చేసుకుంటారు. అంటే విండోస్, మ్యాక్ చేసే పనిలో సగం చేత్తో చేసుకుంటున్నట్టు. మిగతా సగం, తెరమీద అనువాదం, వాళ్లకు దక్కదు.

తెలుగు పేరు డిస్క్ మీద పడితే

"డౌన్‌లోడ్‌లు" అన్న పేరును దగ్గరగా చూద్దాం. కంటికి అయిదు అక్షరాల్లా ఉంటుంది. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ లెక్కలో 12 సంకేతాలు: డ, ఔత్వం, న, పొల్లు, అక్షరాలు కలిసిపోకుండా ఆపే కనిపించని నాన్ జాయినర్ ఒకటి, ల, ఓత్వం, డ, పొల్లు, మళ్లీ నాన్ జాయినర్, ల, కొమ్ము. వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 36 బైట్లు. ఇంగ్లిష్ "డౌన్‌లోడ్స్"కు తొమ్మిదే. లినక్స్‌లో బాగా వాడే ఎక్స్‌ట్ 4 ఫైల్ సిస్టమ్‌లో ఒక పేరుకు 255 బైట్ల హద్దు ఉంది, అంటే తెలుగులో 85 సంకేతాలు. విండోస్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో లెక్క బైట్లలో కాదు, 16 బిట్ల యూనిట్లలో. అక్కడ తెలుగుకూ ఇంగ్లిష్‌కూ సమానంగా 255. విండోస్‌లో హాయిగా ఉన్న పొడవాటి తెలుగు ఫైల్ పేరు లినక్స్ డిస్క్‌లోకి కాపీ కాకపోవడానికి కారణం ఇదే.

పొడవు సంగతి చిన్నది. అసలు తలనొప్పి ఆ కనిపించని నాన్ జాయినర్. "ఫైల్" అని కొట్టి చివర్లో నాన్ జాయినర్ ఒకటి అదనంగా పడితే తెరమీద ఏ తేడా రాదు, లినక్స్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. ఒకే చోట రెండు "ఫైల్" ఫోల్డర్లు పక్కపక్కన ఉండగలవు. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఇందుకు పూర్తిగా ఉల్టా. పేర్లు పోల్చేటప్పుడు అలాంటి కనిపించని సంకేతాలను అది లెక్కలోకి తీసుకోదు. 2014లో, ప్రోగ్రామర్లు కోడ్ మార్పుల చరిత్ర దాచుకునే గిట్‌లో బయటపడిన ఒక భద్రతా లోపానికి ఇదే మూలం. గిట్ తన రహస్య ఫోల్డర్ పేరు మధ్యలో నాన్ జాయినర్ ఉంటే అది వేరే పేరు అనుకుని వదిలేసేది, డిస్క్ మాత్రం రెండూ ఒకటే అనేది.

ఐత్వం కథ ఇంకోటి. "ఫైళ్లు" అనే పదంలో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, లేదా ఎత్వం పక్కన ఐ పొడవు గుర్తు పెట్టి రెండు సంకేతాలుగా రాయొచ్చు. యూనికోడ్ దృష్టిలో రెండూ సమానం. హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేరును ఎప్పుడూ విడదీసి దాచుకుంటుంది, కాబట్టి 18 బైట్ల "ఫైళ్లు" అక్కడ 21 బైట్లు అవుతుంది. అలాంటి పాత మ్యాక్ నుంచి లినక్స్ సర్వర్‌కు కాపీ చేస్తే, అచ్చు ఒకేలా కనిపించే రెండు "ఫైళ్లు" తయారవుతాయి. వెతికితే ఒకటే దొరుకుతుంది, రెండోది కళ్లెదుట ఉండి కూడా దొరకదు.

విండోస్‌లో ఇంకా పాత బాకీ ఒకటుంది. జర్మన్, రష్యన్ లాంటి భాషలకు యూనికోడ్ కంటే ముందు నుంచీ సిస్టమ్ డిఫాల్ట్‌గా పెట్టుకోగలిగే కోడ్ పేజీలు, అంటే అక్షరాలకు నంబర్ల పట్టికలు, ఉన్నాయి, యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రామ్‌లు వాటితో ఎలాగో నెట్టుకొచ్చాయి. తెలుగుకు అలాంటి డిఫాల్ట్ కోడ్ పేజీ విండోస్‌లో లేదు. పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రామ్ తెలుగు పేరున్న పాత్‌ను అడిగితే దాని చేతికి వచ్చేది ప్రశ్నార్థకాల వరస. కాబట్టి ఎక్స్‌పీ జర్మన్‌కు చేసినట్టు తెలుగుకూ డిస్క్ మీదే పేర్లు మార్చి ఉంటే, జర్మన్లు పడ్డ బాధకు పది రెట్లు పడాల్సి వచ్చేది.

పేరూ కాదు, చిరునామా కాదు

ఈ సమస్య ఫోల్డర్లకే పరిమితం కాదు. ఈమెయిల్‌లో చాలాకాలం ఇదే రభస. మెయిల్స్‌ను సర్వర్‌లోనే ఉంచి చదివే ఐమ్యాప్ పద్ధతిలో "ఇన్‌బాక్స్" ఒక్కటే అందరూ ఒప్పుకున్న పేరు. పంపిన మెయిల్స్ పెట్టే ఫోల్డర్‌కు ఒక యాప్ "సెంట్" అని, ఇంకోటి "సెంట్ ఐటమ్స్" అని, జర్మన్ యాప్ తన భాషలో ఇంకేదో అని పేర్లు పెట్టేవి. ఒకే ఖాతాను మూడు చోట్ల తెరిస్తే పంపిన మెయిల్స్ మూడు ఫోల్డర్లలో చెల్లాచెదురు. 2011లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6154 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం పేర్ల జోలికి పోలేదు. ఫోల్డర్ పేరు ఏదైనా కానివ్వండి, దాని పక్కన "ఇది పంపినవాటి ఫోల్డర్", "ఇది చెత్తబుట్ట" అని ఒక గుర్తు పెట్టమంది.

విండోస్ గ్రూపుల పేర్లలోనూ అంతే. ఇంగ్లిష్‌లో "ఎవ్రీవన్" అనే గ్రూప్ జర్మన్‌లో "యేడర్", ఫ్రెంచ్‌లో "తు ల మోండ్". పేరు చెప్పి అనుమతులిచ్చే స్క్రిప్ట్ సరిహద్దు దాటితే ఆగిపోతుంది, గ్రూప్‌కు విండోస్ ఇచ్చిన ఎస్ఐడీ నంబర్ చెప్పేది ఎక్కడైనా నడుస్తుంది. ఎక్సెల్ చేసేదీ ఇదే. జర్మన్ తెరమీద "సుమ్మె" అని కనిపించే ఫార్ములా ఫైల్ లోపల "సమ్" అనే పేరుతోనే ఉంటుంది.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే వాదన "ఇంగ్లిష్ పేరా, తెలుగు పేరా" అన్నది కాదని తెలుస్తుంది. మనిషికి ఒక పేరు కావాలి, డిస్క్‌కు ఒక చిరునామా కావాలి, ప్రోగ్రామ్‌కు కావలసింది ఈ రెండూ కాని మూడోది: ఎన్నటికీ మారని, ఏ భాషకూ చెందని ఒక గుర్తు. సిస్టమ్ 7లో నాలుగక్షరాల కోడ్, విండోస్‌లో డాక్యుమెంట్స్ లాంటి "నోన్ ఫోల్డర్"కు ఇచ్చే పొడవాటి ఐడీ, లినక్స్‌లో ఎక్స్‌డీజీ గుర్తు అన్నీ అదే. లినక్స్‌లో ఫ్లాట్‌ప్యాక్ అనే ప్యాకేజీ పద్ధతిలో వచ్చే యాప్‌కు డౌన్‌లోడ్ ఫోల్డర్ మీద అనుమతి ఇచ్చేటప్పుడు కూడా పాత్ రాయరు, ఆ గుర్తునే రాస్తారు. ప్రోగ్రామ్‌లన్నీ గుర్తునే అడిగితే డిస్క్ మీద ఏ పేరున్నా ఒకటే. అడగని ప్రోగ్రామ్‌లు ఎప్పుడూ కొన్ని ఉంటాయి కాబట్టే డిస్క్ మీద మారని పేరు ఉంచి, తెరమీద అనువాదం చూపించే పద్ధతి తక్కువ నష్టంతో బయటపడుతుంది. లినక్స్ నిజాయితీ ముచ్చటైనదే కానీ దాని ఖర్చంతా భాష మార్చుకున్న వాడుకరి మీదే పడుతోంది.

అయితే తెరమీద పేరు వేరు, అసలు పేరు వేరు అన్న సంగతిని వాడుకరి నుంచి దాచాల్సిన అవసరం లేదు. హైకూ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాష సెట్టింగ్స్ దగ్గరే ఫోల్డర్లు, అప్లికేషన్ల పేర్లను అనువదించి చూపించాలా వద్దా అని ఒక టిక్ బాక్స్ ఉంటుంది. మెనూలు తన భాషలో కావాలి, ఫోల్డర్లు మాత్రం అసలు పేరుతోనే కావాలి అనుకునేవాళ్లకు అదొక్కటి చాలు. అంత తేలికైన ఏర్పాటు పెద్ద సిస్టమ్‌లలో కనిపించకపోవడం ఆశ్చర్యమే.

తెలుగు అనువాదకులకు ఇంకో చిక్కు ఉంది, ఇది ఇంగ్లిష్‌లో కూర్చుని కోడ్ రాసేవాళ్లకు తట్టదు. "ఫైల్ ఫలానా ఫోల్డర్‌లో సేవ్ అయింది" అని చెప్పడానికి ప్రోగ్రామ్ ఒక ఖాళీ వదిలి, అక్కడ ఫోల్డర్ పేరు అతికిస్తుంది. "డాక్యుమెంట్స్" అతికిస్తే "డాక్యుమెంట్స్‌లో", బాగానే ఉంది. "పత్రాలు" అతికిస్తే "పత్రాలులో" అవుతుంది. తెలుగులో అది "పత్రాల్లో" కావాలి. "చిత్రాలుకు", "డౌన్‌లోడ్‌లులో" అన్నీ ఇలాగే పుట్టిన వాక్యాలు. విభక్తి చేరగానే బహువచనం రూపు మారుతుందని ఆ ఖాళీకి తెలియదు. అందుకని అనుభవమున్న అనువాదకులు "ఫైల్ సేవ్ అయిన ఫోల్డర్: పత్రాలు" అని పేరును చివర్లో, కోలన్ తర్వాత, ఏ విభక్తీ తగలని చోట పెడతారు. ఇంకొన్ని ప్రోగ్రామ్‌లు పేరు చెప్పే పనే పెట్టుకోవు. "సేవ్ అయింది" అని రెండు మాటలు, పక్కన "ఫోల్డర్ తెరువు" అని ఒక బటన్. నొక్కితే ఫైల్ మేనేజర్ తెరుచుకుని ఆ ఫైల్ ఎంపికై కనిపిస్తుంది. ఆ ఫోల్డర్‌ను ఆ కంప్యూటర్లో ఏ భాషలో ఏమంటారన్నది అప్పుడు ఎవరూ అడగరు.